ఎల్లారెడ్డి దారిన నల్లమట్టి

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో నలభై కిలోమీటర్లు, కొంచెం అటూ ఇటూ. ఈ దారిలో చూడదగినదేమిటని అడిగితే ఊళ్ళోవారు ఒక్క క్షణం ఆలోచించి, లింగంపేటలో నాగన్న బావి చూడమంటారు. చూడవలసిందే. మెట్లు మెట్లుగా పాతాళంలోకి దిగిపోయే ఆ రాతిబావిని ఇటీవలి సంవత్సరాలలో బాగుచేయించారు. ఇంకాస్త ఓపిక ఉన్నవారిని ఎల్లారెడ్డి దాటి పోచారం కట్టమీదికీ, మరో దిక్కున నిజాంసాగరానికీ వెళ్ళి రమ్మంటారు. ఎవరూ చెప్పనిది ఇంకొకటున్నది. బస్సు కిటికీలోంచి ఊరికే కనిపించేది, పైసా ఖర్చు లేనిది, కాలికి అంటుకుంటే ఓ పట్టాన వదలనిది. ఆ దారిలోని నల్లమట్టి.

మట్టిని చూడడానికి ప్రయాణమా అని చదువరులు నవ్వవచ్చును. మా కళాశాలలో సహోద్యోగులూ నవ్వారు. తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి మట్టితో ఏం పని అన్నారు. పని ఎలా కలిగిందో చెబుతాను. ఒకనాడు తరగతిలో 'పదును' అనే మాటకు అర్థం అడిగాను. పట్నపు పిల్లలు కత్తికి ఉండేది అన్నారు. వెనుక బెంచీలో కూర్చున్న లింగంపేట వైపు అమ్మాయి లేచి, "వాన పడ్డంక దున్ననీకి అచ్చే తడి సార్" అన్నది. రెండూ సరైన అర్థాలే. మొదటిదానికి ఒక కత్తి ఉంటే చాలు; రెండవదానికి నేల తెలియాలి. "ఎంత తడి?" అన్నాను. "అది నేలను బట్టి ఉంటది సార్. చెల్కకు ఒకటి, రేగడికి ఒకటి. మాది శిఖం భూమి, మాకు ఇంకోటి" అన్నది. ఆ ఇంకోటి ఏమిటో కళ్ళారా చూద్దామని ఒక ఆదివారం బస్సెక్కాను.

కామారెడ్డి విడిచి తాడ్వాయి వైపు సాగగానే ఎర్రనేల మొదలవుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టున్న గుండ్లు, మోదుగలు, టేకు, నడుమ మక్కచేలు. ఇది చెల్క. గరుకుగా, తేలికగా ఉంటుంది. ఎంత నీరు పోసినా తాగి, మరునాటికి మళ్ళీ దాహమంటుంది. అంతలో బస్సు పల్లానికి దిగుతుంది. ఒక వాగో, ఒక కుంటో వస్తుంది. ఎవరో సిరాబుడ్డి ఒలకబోసినట్టు నేల నల్లబడుతుంది. మళ్ళీ మిట్ట ఎక్కితే మళ్ళీ ఎరుపు. కళ్ళు మూసుకుని కూర్చున్నవారికి కూడా ఈ మార్పు తెలుస్తుంది. నల్లనేల మీద రోడ్డు అలలు తేలి ఉంటుంది, బస్సు ఉయ్యాల ఊగుతుంది. ప్రయాణికులు కాంట్రాక్టరును తిడతారు. తిట్టనివ్వండి గాని, సగం పాపం మట్టిది. వానకు ఉబ్బి, ఎండకు కుంగే నేలమీద తారు ఎంతకాలం చదునుగా ఉంటుంది?

ఈ ఎరుపూ నలుపూ వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవి కావు. ఒకే రాతి బిడ్డలు. మిట్టలమీది గ్రానైటు రాయి యుగయుగాలుగా ఎండకు పగిలి, వానకు నాని పొడి అయింది. మిట్టమీద నీరు నిలువదు గదా! నీటిలో కరిగే సున్నమూ మెగ్నీషియమూ సిలికా వగైరాలు దానితో దిగిపోయాయి. కరగని ఇనుము మిగిలి, తుప్పుపట్టి, నేలకు ఎర్రరంగు వేసింది. దిగిపోయిన సరుకు పల్లంలో పోయేదారి లేక నిలిచి, ఒకటితో ఒకటి కూడి కొత్తరకం బంకమట్టి అయింది. అందులోనే కాస్త లోతున తవ్వితే తెల్లటి సున్నపు గుళ్ళు దొరుకుతాయి. పైనేల పోగొట్టుకున్నది కిందినేలకు ఆస్తి అయిందన్నమాట. ఇదే జిల్లాలో పడమటికి పోతే, జుక్కల్, మద్నూరు వైపు నలుపుకు కథ వేరు. అక్కడ అడుగున ఉన్నది లావా గడ్డకట్టిన దక్కను నల్లరాయి. ఆ మట్టి పుట్టుకతోనే నలుపు.

దీనిని మనం రేగడి అంటాం. ఇంగ్లీషు భూగోళ పుస్తకాలలో 'రెగర్' అని కనబడే మాటకు మూలం మన రేగడే. బ్రౌను దొర తన నిఘంటువులో దానికి బంకమట్టి అనే అర్థం రాసుకున్నాడు. మన పిల్లలు మాత్రం పరీక్షలో 'నల్లరేగడి మృత్తికలు' అని రాస్తారు. ఇంట్లో తండ్రితో మృత్తిక అని ఒక్కసారి అని చూడమనండి!

ఇంతవరకు ప్రకృతి చేసిన పని. ఆ మీద మనిషి చేయి పడింది. రెండు మిట్టల నడుమ పల్లానికి అడ్డంగా కట్ట వేస్తే చెరువు. ఒక చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు, అది నిండితే ఆ కింది దానికి. ఖమ్మం వైపునుంచి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు అది 'అలుగు'. ఇక్కడివారికి 'మత్తడి'. నీరు ఒకటే. ఈ గొలుసుకట్టు చెరువులలో ప్రతి వానకూ పైనుంచి మట్టి వచ్చి చేరుతుంది. అది చేరడంలో ఒక వరుస ఉన్నది. వాగు చెరువులోకి అడుగుపెట్టగానే దాని వేగం తగ్గుతుంది. బరువైన ఇసుక అక్కడే దిగిపోతుంది. ఒండ్రు ఇంకాస్త లోపలికి వస్తుంది. అన్నిటికన్నా సన్నని బంకపొడి మాత్రం రోజుల తరబడి నీటిలో తేలుతూ, కట్టదగ్గర నీరు కదలకుండా నిలిచినచోట మెల్లగా అడుగుకు చేరుతుంది. అందుకే చెరువు తలాపున గరుకు, కట్టకింద వెన్న. కుమ్మరులు కుండల మట్టికి ఎక్కడ తవ్వాలో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. తలంటుకు రేగడిమట్టి తెచ్చుకునే కాలంలో ఆడవారికీ ఈ సంగతి తెలుసును.

లింగంపేట దాటిన తరువాత ఒక ఊళ్ళో దిగాను. ఊరి పేరు చెప్పను. నాకు పొలాలు చూపించిన పెద్దాయన వద్దన్నాడు. శిఖం భూముల సంగతులు అటువంటివి. ఊరికి ఉత్తరాన ఒక పాత చెరువున్నది. కట్టకు గండిపడి మూడు తరాలైందట. మళ్ళీ ఎవరూ పూడ్చలేదు. గండిలోంచి వాగు తన దారి తాను కోసుకుని నిలువెత్తు లోతుకు దిగిపోయింది. పాత చెరువు అడుగు మాత్రం దిగలేదు. బల్లపరుపుగా, వాగుకు ఇరుపక్కలా అరుగులు వేసినట్టు పైన నిలిచిపోయింది. ఇప్పుడు అదంతా వరిమళ్ళు. కట్టకు దగ్గరగా ఒక అరుగు, వెనక్కి పోతే కొంచెం ఎత్తున మరొకటి, ఆ పైన గరుకునేల. చెరువు ఏయే కాలంలో ఎంతమేర నిలిచిందో ఆ అరుగుల అంచులే చెబుతున్నాయి.

పక్కనే నిలువెత్తు లోతున వాగు ఉన్నది గదా, నీరంతా అందులోకి జారిపోవద్దా? కొత్తగా చూసినవారికెవరికైనా కలిగే సందేహమే ఇది. జారదు. వాగు అంచున నిలబడి చూశాను. నాలుగడుగుల అవతల మడిలో నీరు తొణికిసలాడుతున్నది. అంచుగోడ మాత్రం పొడిగా, పగుళ్ళు వారి ఉన్నది.

"కాకా, ఈ నీళ్ళు కిందికి దిగవా?" అన్నాను.

"దిగితె మంచిగనే ఉండు సారూ" అన్నాడు. "గీ మట్టికి మొగమాటం లేదు. ఎండకాలం రాయి, వానకాలం జిగురు. నడుమ రెండు దినాలు మనిషి మాట ఇంటది. గా రెండు దినాలు పట్టుకున్నోడే రైతు."

ఇది వెనుక బెంచీ అమ్మాయి చెప్పిన 'ఇంకోటి'. చెల్క అయితే వాన వెలిసిన మరునాడే దున్నవచ్చు. నాలుగు రోజులు ఆలస్యమైనా మునిగిపోయింది లేదు. శిఖం మట్టిలో ఒక రోజు ముందు దిగితే నాగలికి ముద్దలు ముద్దలుగా అంటుకుంటుంది, ఒక రోజు వెనుక దిగితే ఇటుకల్లాంటి పెళ్ళలు లేస్తాయి. ముందు దిగినవాడి తప్పు ఆ ఏడాదంతా పొలంలో కనబడుతుంది. పచ్చిగా తొక్కిన చోట మట్టి పలకబారి, వేరు దిగక, మొక్క గిడసబారుతుంది. పెద్దాయన గుప్పెడు మట్టి తీసి అరచేతుల మధ్య పేనాడు. అది తెగకుండా పొడుగాటి దారమైంది. "ఇగో, పదును కాలే" అన్నాడు. దారం సాగకుండా పొడిపొడిగా విరిగితే అప్పుడు నాగలి కట్టాలట. భూసార పరీక్షశాలలలో కూడా ఇటువంటి పరీక్షే చేస్తారని ఆయనకు చెబితే నా మాట నమ్మినట్టు కనబడలేదు.

ఎందుకీ మొండితనం? ఈ బంకమట్టి రేణువులు కంటికి ఆననంత చిన్నవి. పైగా గుండ్రనివి కావు, పుస్తకంలో కాగితాలలాగా పొరలు పొరలుగా ఉంటాయి. తడి తగలగానే పొరల నడుమకు నీరు దూరి, పుస్తకం ఉబ్బుతుంది. ఎండితే మళ్ళీ ముడుచుకుంటుంది. ముడుచుకున్నప్పుడు నేల చాలక నెర్రెలు విచ్చుతుంది. ఏప్రిల్, మే నెలలలో ఆ నెర్రెలలో మోచేయి దాకా చేయి పెట్టవచ్చు. మేకపిల్లల కాళ్ళు ఇరుక్కుంటాయి. జారిన కొడవలి దొరకదు. పైమట్టి గాలికీ పశువుల తొక్కిడికీ రాలి ఆ నెర్రెలలో పడుతుంది. వానకు నేల ఉబ్బినప్పుడు అడుగున పడ్డ మట్టి ఇరుకై పక్కల మట్టిని పైకి నెడుతుంది. అంటే నేల తనను తానే దున్నుకుంటున్నదన్నమాట, మెల్లగా, ఎవరి బాడుగ ట్రాక్టరూ లేకుండా.

తొలకరి వాన ఈ నేలమీద పడడం చూడదగిన దృశ్యం. మొదటి జల్లు ఎంత పెద్దదైనా చుక్క నీరు పైన నిలువదు. నెర్రెలలోంచి గటగట లోపలికి పోతుంది. రెండవ వానకు నెర్రెలు మూసుకుంటాయి. మూడవ వానకు తలుపులు బిగిసిపోతాయి. ఇక పడిన నీరు పడినచోటనే. మిట్టమీది నేలైతే పక్కకైనా పారుతుంది. పాత చెరువు అడుగు అద్దంలా చదును. పారడానికి వాలు లేదు, ఇంకడానికి దారి లేదు. ఆకాశం వైపు ఆవిరైపోవడమొక్కటే మిగిలిన మార్గం.

అలా వారాల తరబడి నీరు నిలిచిన మట్టికి గాలి ఆడదు. పెద్దాయన గట్టు పక్కన గడ్డపారతో ఒక పెళ్ళ లేపి చూపించాడు. పైన నలుపు, అడుగున బూడిద-నీలం కలిసిన ఒక దిగులు రంగు, అందులో వరివేళ్ళ వెంట సన్నని తుప్పు చారలు, కుళ్ళిన కోడిగుడ్డు వాసన. గాలి లేక ఇనుము తన ఎరుపు కోల్పోయింది. వేరు వెంట దిగిన కొద్దిపాటి గాలికి ఆ మేరకు తిరిగి ఎర్రబడింది. వరి మొక్కకు కాండంలో గొట్టాలున్నాయి. పైనుంచి గాలి పీల్చి వేళ్ళకు పంపుకుంటుంది. మక్కకూ పత్తికీ ఆ వరం లేదు. రెండు మూడు రోజులు నీరు నిలిస్తే మక్క పసుపు ఎక్కుతుంది. కనుక ఈ నేల రైతును, ఏం పండిస్తావని అడగదు. వరి పండించు, లేదా ఊరుకో అంటుంది. మార్కెట్టు ధర ఎలా ఉన్నా సరే.

వరి అంటే మళ్ళీ ఈ నేలలో ఒక పట్టాన జరిగే పని కాదు. మా వైపు దమ్ము చేయడమంటాం, ఇక్కడ కరిగెట అంటారు. ట్రాక్టరుకు ఇనుప కేజివీల్సు తగిలించి దింపినా కొన్ని మళ్ళలో అది ఇరుసుదాకా కూరుకుపోతుంది. దానిని లాగడానికి ఇంకో ట్రాక్టరు, ఆ రెండవదానిని చూసి నవ్వడానికి ఊరు. కోతకాలంలో మరొక తంటా. గట్టినేలవారు టైర్ల హార్వెస్టరు పిలుచుకుంటారు. శిఖం నేలలో అది నడవదు. యుద్ధపు టాంకులాగా గొలుసు చక్రాలున్నది కావాలి. దాని గంట బాడుగ ఎక్కువ. పైగా బురదలో అది నెమ్మదిగా నడుస్తుంది గనుక గంటలూ ఎక్కువే. పెద్దాయన కోడలు ఈ లెక్క వేళ్ళమీద చెప్పింది. "ఒడ్లు గంతే పండుతయి సార్, గని మిగిలేది గంత ఉండదు" అన్నది. ఒకే ధాన్యం, ఒకే ధర. నేల నీరు వదలనందుకు మాత్రం ప్రతి కారూ ఆ ఇల్లు ఒక పన్ను కడుతున్నది. ఏ చిట్టాలోనూ లేని పన్ను.

ఇక శిఖం అనే మాట. చెరువు నిండితే మునిగి, తగ్గితే తేలే భూమి శిఖం. నిజాం కాలపు రెవెన్యూ మాటలు తరి, ఖుష్కి, ఆబీ, తాబీ ఒక్కొక్కటే జారిపోతున్నా ఇది మాత్రం బతికి ఉన్నది, ఎందుకంటే తగవు బతికి ఉన్నది. శిఖం దున్నేవాడి హక్కు నీటికి లోబడినది. నీరు వెనక్కు తగ్గితే విత్తుకోవచ్చు. పెరిగితే పంట నీటిదే, అడగడానికి లేదు. పెద్దాయన కుటుంబానికి ఎకరం పైచిలుకు ఇటువంటిదే. పాత చెరువు గండిపడి ఉన్నంతకాలం వారికి దిగులు లేదు. కట్ట మళ్ళీ పోయిస్తారన్న మాట ఎప్పుడు వినబడినా ఆయన నిద్రపోడు. చెరువు నిండితే ఊరికంతా మేలు, కింది బావులన్నీ ఊరుతాయి, ఆయనకూ తెలుసును. "ఊరు బాగుపడాలె సారూ, కాదంటనా? గని నేనెక్కడ పోవాలె?" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు.

చెరువు ఉన్నచోట కూడా ఈ మట్టి రెండు పాత్రలు వేస్తుంది. కట్ట వేసేటప్పుడు నడుమ రేగడి దట్టించి పైన మొరం కప్పుతారు. నీరు కదలనివ్వని గుణమే అక్కడ కాపలా. అదే గుణం కట్టకు దిగువన పొలాలలో శాపం. ఊటనీరు దిగే దారిలేక పైకి తేలి జాలు పడుతుంది. జాలు చాలాకాలం నిలిచి ఎండుతూ ఉంటే ఉప్పు పైకి వచ్చి తెల్లగా చవుడు పూస్తుంది. తెలిసిన రైతులు పొలానికి ఎగువన జాలుకాలువ తీస్తారు, జీలుగ చల్లి పూతకు రాకముందే కలియదున్నుతారు, పశువుల ఎరువు తోలతారు. ఖర్చుకు తట్టుకోలేనివారు ఆ మడిని అలాగే వదిలేస్తారు. తుంగ మొలుస్తుంది.

ఎల్లారెడ్డి చేరాక ఈ కథే పెద్ద అక్షరాలలో కనబడుతుంది. ఇక్కడికి దగ్గరలో మంజీర మీద నిజాంసాగరం ఉన్నది. 1923లో పని ప్రారంభించి 1931లో ముగించారు. రూపకర్త నవాబు అలీ నవాజ్ జంగ్ బహదూర్. సుమారు నలభై ఊళ్ళు ఖాళీ అయినవి. కట్టిననాడు దాదాపు 30 టి.ఎం.సి.ల నీరు పట్టే జలాశయం, ఒక టి.ఎం.సి. అంటే నూరుకోట్ల ఘనపుటడుగులు. ఇప్పటి లెక్క 17.8 టి.ఎం.సి.లు. మిగిలిన చోటు ఎక్కడికి పోయిందని అడిగితే, ఎగువ పొలాల మట్టి వచ్చి కూర్చున్నది. మంజీర తెచ్చిన నల్లమట్టి ఎనభై, తొంభై ఏళ్ళుగా అడుగున పొరలు పొరలుగా దిగుతున్నది. వాన తక్కువైన ఏళ్ళలో నీరు దూరంగా వెనక్కు పోయినప్పుడు, మైళ్ళ మేర నెర్రెలు విచ్చిన ఆ అడుగు చూస్తే, మా పెద్దాయన పొలానికి ముత్తాతను చూసినట్టున్నది.

ఈ పూడిక తీసి పొలాలకు తోలాలన్నది పాత ఆచారమే. ఎండాకాలం బండ్లకు బండ్లు చెరువుమట్టి చెల్కలకు చేరేది. అది సన్నగిల్లిన తరువాత, 2015 మార్చి 12న, మిషన్ కాకతీయ అనే పేరుతో చెరువుల మరమ్మతు పథకం మొదలైంది. మొదలైంది మరెక్కడో కాదు, కామారెడ్డికి దగ్గరలోని సదాశివనగర్ పాతచెరువు దగ్గర. రాష్ట్రమంతటా 46 వేలకు పైగా చెరువులు బాగుచేయాలన్నది సంకల్పం. తోలిన మట్టి ఎర్రచెల్కలో పడినచోట మేలు కళ్ళకు కట్టింది. చెల్కకు లేనిది నీరు పట్టే గుణం, చెరువుమట్టికి ఉన్నదే అది. రేగడిలోనే మళ్ళీ చెరువుమట్టి పోసుకున్నవారికి కలిసివచ్చింది తక్కువ. ఇక్కడొక జాగ్రత్త ఉన్నది. ఉచితంగా వస్తున్నది గదా అని జేసీబీతో బంకపొర అంతా ఒలిచి అడుగున మొరం తేలేదాకా తవ్వితే చెరువుకే చిల్లు పడుతుంది; నిండిన నీరు నిలువదు. ఎంత తీయాలన్నది ఎంత వదలాలన్నదానిమీద ఉన్నదని పాత నీరటికాండ్రకు తెలుసును. వారిని అడిగి తవ్విన ఊళ్ళు ఎన్ని ఉన్నాయో!

మట్టికి మరొక గిరాకీ వచ్చింది, అది నాకు నచ్చనిది. ఊళ్ళు పెరిగి శిఖం మీదికి వస్తున్నాయి. గుట్ట తవ్విన ఎర్రమొరం తెచ్చి మూడడుగులు పోసి, రాళ్ళు పాతి, ప్లాట్లు అంటారు. పైన ఎరుపు, అడుగున అదే నలుపు. పాతకాలపు మేస్త్రీలు రేగడిలో ఇల్లు కట్టవలసి వస్తే మొరం తగిలేదాకా పునాది తీసి, చుట్టూ ఇసుక నింపేవారు. అంత తవ్వే ఓపిక ఇప్పుడెవరికున్నది? రెండవ వానాకాలానికి తలుపు పట్టదు, నాలుగవ దానికి గోడమీద మూలనుంచి మూలకు చీలిక. అదైనా సర్దుకోవచ్చు. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో ఈ జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. భిక్కనూరు, తలమడ్ల మధ్య రైలుకట్ట కింద మట్టి కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. కామారెడ్డిలో పల్లపు కాలనీలు నీట మునిగి, జనాన్ని పడవలమీద తెచ్చారు. 1922లో పూర్తయిన పోచారం కట్టమీదికి, కట్టినవారు తలచిన దానికి ఎంతో మించిన వరద వచ్చింది. పక్కన నేల కోసుకుపోయింది, కట్ట నిలిచింది. వాన వెలిసిన తరువాత మిట్టమీది వీధులు మరునాటికి ఆరాయి. పాత నీటిచోట్ల ఇళ్ళలో మాత్రం నీరు రోజుల తరబడి కదలలేదు. ఎటు పోతుంది? అడుగున మొగమాటం లేని మట్టి.

ఇది మన ఒక్కరి చిక్కే కాదు. మెక్సికో దేశపు రాజధాని టెస్కోకో అనే సరస్సు అడుగుమీద కట్టిన నగరం. లోతైన బంకమట్టిలోంచి నీరు తోడుకుంటూ పోగా, కొన్నిచోట్ల ఆ నగరం ఏడాదికి అడుగుకు పైగా కుంగుతున్నది. అమెరికాలో ఫార్గో అనే ఊరి చుట్టూ మంచుయుగపు మహాసరస్సు ఒకటి ఎండి వేల ఏళ్ళైంది. నేలకు ఆ సరస్సు స్వభావం ఇంకా పోలేదు. నల్లబంక, అద్దంలాంటి చదును, కదలని నీరు. అక్కడి రైతులు పొలాల అడుగున చిల్లుల గొట్టాలు పరచి నీటిని వాగులకు పంపుతారు. మన తెలుగు పిల్లలు ఆ ఊరి విశ్వవిద్యాలయంలోనూ చదువుకుంటున్నారు. ఈ సంగతి చెబితే పెద్దాయన కళ్ళు పెద్దవి చేశాడు. "అమెరికల గూడ జాలేనా!" అన్నాడు. ఆ గొట్టాలకు ఎకరానికి ఎంతవుతుందని వెంటనే అడిగాడు. ఆయన ఎకరం విలువతో పోలిస్తే ఆ మాట అనవసరమనిపించి మాట మార్చాను. ఆయన మారనివ్వలేదు. ఊళ్ళో పదిమంది కలిస్తే గండిదాకా ఒక్క జాలుకాలువ తీయవచ్చునని, గొట్టాలు లేకున్నా సగం నీరు పోతుందని, కాని కాలువకు ఎవరి భూమి పోవాలన్న దగ్గర మాట ఆగిపోయిందని చెప్పాడు. నాలుగేళ్ళుగా ఆగి ఉన్నదట.

ఈ మట్టిని చూడదలచినవారు ఒక్కసారి వస్తే చాలదు. ఏప్రిల్ చివర వస్తే నెర్రెలు కనబడతాయి. జూలైలో కరిగెట వేళ వస్తే ట్రాక్టరు దిగబడడం, ఊరు పోగవడం చూడవచ్చు. కార్తీకంలో గొలుసుబండ్లు కోతకు దిగుతాయి. ఎప్పుడు వచ్చినా చెప్పులు గట్టుమీదనే విడవండి. నావి ఒక జత ఇప్పటికీ ఆ మడిలోనే ఉన్నాయి.